కొలతాయన వచ్చే రోజు

ఆమె రోజుకి ఏడు వందల మెట్లు ఎక్కుతుంది. ఒంటిగంటకి మొదలుపెడితే నాలుగింటికి ఆఖరి మెట్టు దిగుతుంది. ఆరు భవనాలు, ఆరు పై అంతస్తులు, ఆరు గదులు. ఊరంతా తలుపులు బిడాయించుకుని పడుకునే ఆ మూడు గంటలే ఆమె పనివేళలు. మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ ముట్టుకుంటే కాలుతుంది కాబట్టి ఎడమ అరచేతికి గుడ్డ చుట్టుకుంటుంది. కుడి భుజానికి సంచి, సంచిలో అరచేతి వెడల్పున్న కొలత పెట్టె.

వార్డులో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ డిగ్రీలమ్మ. "పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్ని పట్టుకుని డిగ్రీలమ్మ అంటారేంటి" అని మొదట్లో విసుక్కునేది. పదకొండేళ్ళయ్యాక ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు.

నగరం తన రోజుని ఎండకి తగ్గట్టు రెండు ముక్కలు చేసుకుని పదహారేళ్ళయింది. నాలుగున్నరకి బస్సులు, ఐదింటికి బడులు, ఆఫీసులు. పదకొండింటికి షట్టర్లన్నీ పడతాయి. మళ్ళీ సాయంత్రం ఐదున్నరకి లేస్తాయి. ఆ మధ్య కాలానికి జనం పెట్టుకున్న పేరు 'మూత'. మూతకి ముందే వచ్చేస్తానంటారు, మూత అయ్యాక మాట్లాడదామంటారు. పెళ్ళి సంబంధం చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా మూతలో వస్తే మర్యాద తెలియనివాళ్ళ కింద లెక్క.

మూత రాకముందు ఆమె ఒక సినిమా హాల్లో టిక్కెట్లు చింపి ఇచ్చేది. మధ్యాహ్నం ఆటకే ఎక్కువ జనం వచ్చేవాళ్ళు. మొదట ఆ ఆట వేసవిలో ఎత్తేశారు, తర్వాత ఏడాదంతా ఎత్తేశారు. ఆట పోయాక టిక్కెట్ల కిటికీ పోయింది, కిటికీతో పాటు ఉద్యోగం పోయింది. వార్డు ఉష్ణ కార్యాలయంలో మనుషులు కావాలని ప్రకటన పడితే వెళ్ళింది. మెట్లు ఎక్కగలవా అని అడిగారు, ఎక్కగలనంది. అంతే పరీక్ష.

పని చూడ్డానికి సులువు. భవనాల్లో పై అంతస్తు గదులు అన్నిటికన్నా వేడెక్కుతాయి. అంతస్తుకి ఒక గది చొప్పున ఎంచి, వేసవి నాలుగు నెలల్లో దాన్ని మూడుసార్లు కొలవాలి. మూడింటి సగటు ముప్ఫై ఆరు డిగ్రీలు దాటితే ఆ అంతస్తు జాబితాకెక్కుతుంది. వీధి చివర చల్లనీళ్ళ ప్లాంటు నుంచి ఆ అంతస్తు గదుల కప్పుల కిందకి పైపు వేస్తారు. పైపు పడితే గది ముప్ఫై ఒకటికో ముప్ఫైకో దిగుతుంది. ముప్ఫై ఆరు దాటకపోతే పైపు లేదు, మళ్ళీ ఏడాది చూద్దామంటారు.

కొలతకి నియమాలు మూడు. రెండు రోజుల ముందు తలుపు మీద నోటీసు అంటించాలి. గది మధ్యలో స్టూలు వేసి, దాని మీద పెట్టె పెట్టి, ఎవరూ దాన్ని ముట్టుకోకుండా పక్కనే పన్నెండు నిమిషాలు కూర్చోవాలి. కొలిచే ఉద్యోగి తన సొంత ఇంటిని తనే కొలవకూడదు, వేరేవాళ్ళు దాన్ని కొలిచేటప్పుడు గదిలో ఉండకూడదు.

మామూలుగా అయితే ఈ మూడో నియమంతో ఆమెకి పని పడేది కాదు. కానీ ఆమె ఉండేది కూడా ఆరో అంతస్తే.

ఆ అంతస్తులో మూడు గుమ్మాలు. ఒకదాంట్లో దర్జీ, ఒకదాంట్లో బడి టీచరు, మూడోది వీళ్ళది. ఇంట్లో ఆమె, భర్త, అత్తగారు. భర్త తెల్లవారుజాము బస్సు నడుపుతాడు, మూత వేళ డిపో నేలమాళిగలో డ్రైవర్లందరితో పాటు వరసగా పడుకుంటాడు. అత్తగారికి డెబ్బై ఒకటి. ముప్ఫై ఏళ్ళు ఒక లాడ్జిలో గదులు సర్దిన మనిషి. ఇప్పటికీ దుప్పటి మడత సరిగ్గా లేకపోతే రాత్రి నిద్ర పట్టదావిడకి.

ఆ ఏడాది వేసవి మొదలయ్యాక అత్తగారు రెండుసార్లు పడిపోయింది. మొదటిసారి గుమ్మం దగ్గర, రెండోసారి కుళాయి దగ్గర. రెండూ మూత వేళలోనే. క్లినిక్కు డాక్టరు గొంతు తగ్గించి కోడలితో, "వేడి ఒంట్లోకి దిగిపోతోందమ్మా. ఇంకోసారి పడితే లేపడం నా చేతుల్లో ఉండదు. మధ్యాహ్నాలు చల్లగా ఉండే చోట ఉంచండి" అన్నాడు. చల్లగా ఉండే చోటంటే వార్డు చలవ హాలు. ఇంటికి వారానికి ఒక్క రోజు వంతు. వాళ్ళది ఆదివారం. ఆమె తన సెలవు కూడా ఆదివారమే పెట్టించుకుని అత్తగారిని తీసుకుని వెళ్ళేది. మిగతా ఆరు రోజులూ ఆ గదే గతి.

అందుకే ఆ ఏడాది పైపు మీద ఆమెకి అంత ఆశ. ఆశకి అడ్డం అంకె. మొదటి కొలత ముప్ఫై నాలుగు పాయింట్ ఆరు. అంతకు ముందు రెండేళ్ళూ ఇంతే. మన గది మరీ అంత వేడి కాదేమో, పెద్దావిడకి వయసు మీద పడుతోందేమో అనుకుంది. పదకొండేళ్ళుగా అంకెల్ని నమ్మిన మనిషి అంతకన్నా ఏమనుకుంటుంది?

రెండో కొలత ఒక శుక్రవారం పడింది. ఆ రోజు రెండో భవనం దిగుతుంటే ఆమె కాలు మడత పడింది. నాలుగో అంతస్తులో విరిగిన మెట్టు. చీలమండ ఉబ్బింది. మిగతా నాలుగిళ్ళ వాళ్ళకి కబురు చేసి, ఆటో పట్టుకుని ఇంటికొచ్చి, గోడ పట్టుకుని కుంటుకుంటూ ఆరంతస్తులు ఎక్కేసరికి రెండున్నర. పదకొండేళ్ళలో వేసవి రోజున, ఆదివారం కాకుండా, ఆ వేళప్పుడు ఇంట్లో కాలు పెట్టడం అదే మొదలు.

గుమ్మానికి తడి దుప్పటి వేలాడుతోంది. కిటికీకి రెండు. గది గోడల పొడుగునా తాడు కట్టి ఇంకో నాలుగు. నేలంతా అప్పుడే తడిగుడ్డ పెట్టినట్టు మెరుస్తోంది. ఆ దుప్పట్లలో సగం తమవి కావు. పూల దుప్పటి టీచరుది. మూలన రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఒకటి దర్జీది. పొద్దస్తమానం బుసకొట్టే దర్జీ ఇస్త్రీ పెట్టె చప్పుడు లేదు. అత్తగారు బకెట్టు దగ్గర వంగి ఎనిమిదో దుప్పటి పిండుతోంది.

"ఏంటత్తయ్యా ఇదంతా?"

"నువ్వేంటి ఈ వేళప్పుడు? ఆ కాలేంటి?"

"కాలు సంగతి తర్వాత. ఈ దుప్పట్లేంటి?"

"కొలతాయన వచ్చే రోజు కదా. నోటీసు చూళ్ళేదా, మీ ఆఫీసుదేగా."

"వస్తే?"

"వస్తే ఏంటి, ఆరంతస్తులు ఎక్కొచ్చే మనిషిని మాడిపోయే గదిలో కూర్చోబెడతామా? తప్పుకో, గుమ్మంలో నీళ్ళు తొక్కుతున్నావ్."

మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు వినిపించింది. నియమం గుర్తొచ్చి ఆమె కుంటుకుంటూ ఒక అంతస్తు కిందకి దిగి మెట్టు మీద కూర్చుంది. ఎక్కుతున్నది ఆమెతో పాటు పనిచేసే పొడుగాయన. రిటైర్మెంటుకి రెండేళ్ళున్న మనిషి, అంతస్తుకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. "ఏమ్మా, నీ ఇంటికి నువ్వే కాపలానా?" అని నవ్వి పైకి వెళ్ళాడు. పైనుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"రండి బాబూ, ఇటు ఫ్యాను కింద కూర్చోండి."

"అబ్బ, మీ ఇంటికొస్తే ప్రాణం లేచొస్తుంది పెద్దమ్మా. ఈ వార్డు మొత్తంలో ఇంత హాయైన గది ఇంకోటి లేదు."

"మీ దయ. నీళ్ళు తాగండి."

పన్నెండు నిమిషాలకి పెట్టె కూసింది. ముప్ఫై ఐదు పాయింట్ ఒకటి. పొడుగాయన చీటీ చింపి గోడకి అంటించి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ దిగిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, పైన సంత కూడినట్టయింది. దర్జీ వచ్చి ఫ్యాను పట్టుకుపోయాడు. టీచరు దుప్పట్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళింది, సాయంత్రం బడికి నీళ్ళు సరిపోవని బకెట్టు కూడా అడిగి తీసుకుంది. ఇస్త్రీ పెట్టె మళ్ళీ బుసకొట్టింది. అత్తగారు తడి తువ్వాలు నెత్తిన వేసుకుని బయట నడవాలో గోడకి ఆనుకుని కూర్చుంది. అది ఆవిడ రోజూ కూర్చునే చోటని నేల మీద అరిగిన మరక చూస్తే తెలుస్తుంది. కోడలు ఆ మరకని అప్పుడే చూసింది.

సంచిలో తన పెట్టె ఉంది. తీసి గది మధ్యలో స్టూలు మీద పెట్టింది. నియమం ప్రకారం చెల్లని కొలత, తనకి తెలుసు. నాలుగుంపావుకి పెట్టె చూపించింది ముప్ఫై ఎనిమిది పాయింట్ తొమ్మిది.

ఆమె పెట్టె తెచ్చి నడవాలో అత్తగారి ముందు పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"మనకి పైపు ఎందుకు రావట్లేదో తెలుసా అత్తయ్యా?"

"మీ ఆఫీసు వాళ్ళకి కళ్ళు లేక."

"మీ దుప్పట్ల వల్ల. ఆయన కొలిచింది మన గదిని కాదు, మీ మర్యాదని."

"బావుందే! ఇంటికొచ్చిన మనిషికి చెమట పట్టకుండా చూడ్డం కూడా తప్పేనా? లాడ్జిలో అయితే ఈ పాటికి నాకు శాలువా కప్పేవాళ్ళు."

"వచ్చింది చుట్టం కాదు, కొలిచేవాడు. గది ఎలా ఉంటుందో చూడ్డానికి వచ్చాడు."

అత్తగారు తువ్వాలు తీసి మళ్ళీ తడుపుకుంటూ, పెద్దగా ఆలోచించకుండానే అడిగింది. "నువ్వెళ్ళే ఇళ్ళల్లో మరి? నిన్ను వేడి గదిలో కూర్చోబెడతారా?"

ఆమెకి తను వెళ్ళిన ఇళ్ళన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతి గుమ్మం దగ్గరా తడిసిన నేల. తాడు మీద దుప్పట్లు. అన్ని గదుల్లో ఒకే తడి గుడ్డ వాసన. పేదవాళ్ళయినా ఇళ్ళు ఎంత శుభ్రంగా పెట్టుకుంటారో అని మెచ్చుకునేది. ఇంట్లో కుర్చీ ఒకటి ఉంటే అది ఎప్పుడూ ఆమెకే, అది ఎప్పుడూ ఫ్యాను కిందే. పిల్లల్ని కూడా బయటికి పంపేసేవాళ్ళు, డిగ్రీలమ్మకి గాలాడాలని.

ఆ రాత్రి భోజనాలయ్యాక కొలతల పుస్తకం తీసింది. ఆ వేసవిలో ఆమె చేతి కింద నూట నలభై ఆరు గదులు. అంకె పక్కన రిమార్కులు రాసే గడి ఉంటుంది. తొంభై మూడు గదుల ఎదురుగా ఆమె దస్తూరీలోనే 'గది చల్లగా ఉంది' అని ఉంది.

మూడో కొలత వచ్చే గురువారం. జాబితా మూసేది శనివారం సాయంత్రం ఐదింటికి. మొదటి రెండూ కలిపితే అరవై తొమ్మిది పాయింట్ ఏడు. సగటు ముప్ఫై ఆరు దాటాలంటే మూడోది ముప్ఫై ఎనిమిది పాయింట్ మూడుకి పైన రావాలి. గది గదిలా ఉంటే వస్తుంది. దుప్పటి ఒక్కటి కట్టినా రాదు.

ఆదివారం చలవ హాలు నుంచి వచ్చాక ఆరో అంతస్తు వాళ్ళందరినీ నడవాలో కూర్చోబెట్టి విషయం చెప్పింది. టీచరు వెంటనే అర్థం చేసుకుంది. దర్జీకి ఇంకాస్త ఎక్కువే అర్థమైంది.

"వదినా, అంత దిగులెందుకు? మా బావమరిది దగ్గర ఇంకో ఇస్త్రీ పెట్టె ఉంది. రెండూ మీ గదిలో పెట్టి నలభై ఐదు చూపిస్తా. అప్పుడు ఒక పైపేంటి, రెండు వేస్తారు."

"నువ్వు పుణ్యం కట్టుకోవద్దులే తమ్ముడూ. రోజూ ఎలా ఉంటుందో అలా ఉండాలి. నీ పని నువ్వు నీ గదిలో చేసుకో, ఆపద్దు. అంతే."

"అంటే ఆయనొచ్చినప్పుడు కూడా ఇస్త్రీ చెయ్యాలా? బావుండదేమో."

"బావుండక్కర్లేదు."

అందరూ ఒప్పుకున్నారు, ఒక్క అత్తగారు తప్ప. ఆవిడ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. సోమవారం, మంగళవారం కోడలితో ముక్తసరిగా మాట్లాడింది. నోటీసు అంటించాక బుధవారం రాత్రి గిన్నెలు కడుగుతూ, "ముప్ఫై ఏళ్ళు పని చేశాను. ఒక్కరు కూడా గది బాగాలేదని వెళ్ళిపోలేదు" అంది. కోడలు, "నీళ్ళు ఇవ్వచ్చత్తయ్యా, నీళ్ళు ఇస్తే తప్పు లేదు" అని మాత్రం అని ఊరుకుంది.

గురువారం ఆమె ఆరు ఇళ్ళూ పూర్తి చేసి నాలుగున్నరకి ఆఫీసుకి చేరింది. పొడుగాయన బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మొహం మీద తడి గుడ్డ. ఆమె అడుగుల చప్పుడికి గుడ్డ ఎత్తాడు.

"అమ్మా, మీ ఇంట్లో అంతా క్షేమమేనా?"

"క్షేమమే. ఏం?"

"ఎవరికైనా ఏదైనా అయిందేమో అనుకున్నా. దుప్పటి లేదు, ఫ్యాను లేదు, రండి బాబూ అన్న పిలుపు లేదు. మీ అత్తగారు గోడకి అతుక్కుపోయి నా వంక చూడకుండా నిలబడ్డారు. పలకరిస్తే కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. నేను ఏం తప్పు చేశానమ్మా?"

"కొలత ఎంత వచ్చింది?"

ఆయన గుడ్డ మళ్ళీ మొహం మీద వేసుకున్నాడు. "ఎనిమిది నిమిషాలు కూర్చున్నా. కళ్ళు బైర్లు కమ్మాయి. పెట్టె సంచిలో వేసుకుని దిగొచ్చేశా."

ఎనిమిదో నిమిషానికి ముప్ఫై ఎనిమిది పాయింట్ ఆరు చూపించిందట. కానీ పన్నెండు కాకపోతే చీటీ రాదు, చీటీ లేకపోతే కొలత లేదు. వార్డులో కొలిచేవాళ్ళు ఇద్దరే. ఒకరు పడకేశారు, రెండోది తను. జాబితాకి రెండు రోజులుంది.

ఆమె ముఖం కడుక్కుని సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. ఆ గదిలో కప్పు కింద పైపు ఉంది. పైపు మీద చెమటలా నీటి బొట్లు. సూపరింటెండెంటు స్వెట్టర్ వేసుకుంటాడని ఆఫీసులో హాస్యం, నిజానికి పూర్తి చేతుల చొక్కా మాత్రమే. ఆమె దుప్పట్ల దగ్గర మొదలుపెట్టి పొడుగాయన దాకా చెప్పింది. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక పెన్ను మూత పెట్టి అడిగాడు.

"ఇది నీ ఇంటి సంగతా, వార్డు సంగతా?"

"రెండూ సార్."

"నీ ఇంటికి పైపు రాని వారంలోనే ఈ విషయం నీకు తెలిసింది. పైవాళ్ళు నన్నేం అడుగుతారో తెలుసా?"

"తెలుసు సార్. నేనైనా అదే అడుగుతాను."

"అయితే ముందు వార్డు సంగతి రాసివ్వు. నీ అంకెలు నమ్మదగినవి కావని నువ్వే రాసి సంతకం పెట్టు. అది నీ ఫైల్లో ఉంటుంది. జీవితాంతం ఉంటుంది."

ఆమె అక్కడే నిలబడి రాసింది. నూట నలభై ఆరు గదుల కొలతలు గదులు మామూలుగా ఉన్నప్పుడు తీసినవి కావు, నా రాకకి సిద్ధం చేసిన గదుల్లో తీసినవి, ఇది నేను గమనించలేదు. మూడు వాక్యాలు. సూపరింటెండెంటు చదివి సొరుగులో పెట్టాడు.

"ఇప్పుడు నీ ఇంటి సంగతి. ఈ సాయంత్రం నోటీసు అంటిస్తే శనివారానికి రెండు రోజులవుతుంది. కొలవడానికి నేనొస్తాను. ఈ కాగితం పైకి పంపాలో వద్దో ఆ తర్వాత చెప్తా."

ఇంటికెళ్ళి అత్తగారిని అడిగింది. "కనీసం నీళ్ళయినా ఇవ్వాల్సిందిగా అత్తయ్యా? పాపం, పడిపోబోయాడట."

"ఇస్తే కూర్చోమనాలి. కూర్చోమంటే ఫ్యాను వెయ్యాలి. ఫ్యాను వేస్తే దుప్పటి కట్టకుండా ఎలా ఉంటాను? ఒకటి మొదలుపెడితే నేను ఆగలేనమ్మా, అందుకే ఏదీ చెయ్యలేదు." దిండు సర్దుకుంటూ అడిగింది. "ఆ పొడుగాయన తిట్టుకున్నాడా?"

"లేదు. తనేం తప్పు చేశాడో అని బాధపడుతున్నాడు."

"చూశావా?" అని అత్తగారు అటు తిరిగి పడుకుంది.

శనివారం రెండు గంటల యాభై నిమిషాలకి సూపరింటెండెంటు భవనం ముందు జీపు దిగాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఏ భవనమూ ఎక్కలేదు. చెయ్యి చాపి కమ్మీ పట్టుకోబోతే ఆమె ఆపి, తన గుడ్డ విప్పి ఇచ్చింది. నాలుగో అంతస్తు దగ్గర ఆయన ఆగాడు. ఐదో అంతస్తు దగ్గర ఆమె ఆగింది. అక్కణ్ణించి పైకి తను రాకూడదు. కాలు ఇంకా సలుపుతోంది, మెట్టు మీద కూర్చుంది. పైన తలుపు తెరిచే ఉంది.

స్టూలు జరిపిన చప్పుడు. పెట్టె మొదలైన కూత. కుర్చీ కిర్రుమంది. పక్క గదిలో ఇస్త్రీ పెట్టె బుస ఒక్కసారి ఆగి, ఎవరో గుర్తుచేసినట్టు మళ్ళీ మొదలైంది.

"ఫ్యాను లేదామ్మా?"

"ఉంది సార్."

"వెయ్యరా?"

"మూతలో వేసుకోం సార్. వేడి గాలి మొహాన కొడుతుంది."

"మీరు రోజూ ఇక్కడే ఉంటారా?"

"ఇక్కడ ఉండలేను. బయట నడవాలో ఉంటాను. అక్కడే రెండుసార్లు పడ్డాను." గుమ్మం దగ్గరా, కుళాయి దగ్గరా పడింది ఆవిడ, నడవాలో కాదు. సవరించడానికి మెట్టు మీద కూర్చున్న కోడలికి హక్కు లేదు.

ఆమె చేతి గడియారం చూసుకుంటూ ఉంది. ఐదు. ఆరు. ఆరో నిమిషంలో ఆయన నీళ్ళు అడిగాడు. గ్లాసు చప్పుడు, రెండో గ్లాసు చప్పుడు. ఎనిమిది. పొడుగాయన లేచిన నిమిషం. కుర్చీ కిర్రుమంది. ఆమె మెట్టు మీద నుంచి సగం లేచింది. కుర్చీ మళ్ళీ కిర్రుమంది, ఆయన కూర్చున్నట్టున్నాడు. తొమ్మిది.

"చొక్కా గుండీలు తీసుకోండి బాబూ. మేమేం అనుకోం." అత్తగారి గొంతు. లాడ్జిలో అతిథులతో మాట్లాడిన గొంతు అదే అయ్యుంటుంది.

"ఎంతయింది?" ఆయన గొంతు బొంగురుపోయింది.

"ఇంకో రెండు నిమిషాలు. కళ్ళు మూసుకోకండి, మూసుకుంటే తిరుగుతుంది. ఆ గోడ మీద గీత కనిపిస్తోందా, దాన్ని చూస్తూ ఉండండి. నేను చేసేది అదే."

పెట్టె కూసింది.

ఆయన కిందకి దిగొచ్చి ఆమె పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చీటీ ఆమెకి ఇవ్వకుండా తనే చదివాడు. ముప్ఫై తొమ్మిది పాయింట్ నాలుగు. మూడింటి సగటు ముప్ఫై ఆరు పాయింట్ నాలుగు. కాసేపు ఊపిరి తీసుకుని, "నేను వస్తున్నానని మీ అత్తగారికి తెలుసు కదా. ఏమీ చెయ్యకుండా ఎలా ఉన్నారు?" అన్నాడు.

"చాలా కష్టపడ్డారు సార్."

ఆయన నవ్వలేదు. ఐదింటికి పది నిమిషాల ముందు ఆరో అంతస్తు జాబితాకెక్కింది. సొరుగులోని కాగితం కూడా అదే సాయంత్రం పైకి వెళ్ళింది, కింద ఆయన ఒక వాక్యం కలిపాడు: నేను స్వయంగా పన్నెండు నిమిషాలు కూర్చున్నాను.

పైవాళ్ళు నాలుగు రోజులు ఆలోచించారు. పొడుగాయన కొలిచిన గదుల సంగతి తర్వాత చూద్దామన్నారు. డిగ్రీలమ్మ గదులకి జాబితా తెరిచి ఉంచడానికి పదిహేను రోజులు ఇచ్చారు. ఈసారి నోటీసులు ఉండవు, ఒక్కో గదికి ఒక్కటే కొలత. తప్పు అంకెలు రాసినందుకు ఆమెకి ఒక మెమో కూడా ఇచ్చారు. దాన్ని ఆమె అందుకున్నట్టు సంతకం చేసి ఇచ్చింది.

ఆరో అంతస్తు గదుల్లో పైపు వేయడానికి వచ్చినవాళ్ళు కప్పుకి రంధ్రాలు చేస్తుంటే అత్తగారు వాళ్ళకి రెండుసార్లు నీళ్ళిచ్చి, తడి దుప్పటి కట్టింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. 'చల్లగా ఉంది' అని తను రాసిన తొంభై మూడు గదులు ముందు. నోటీసు లేకుండా తలుపు కొట్టేసరికి మొదటి ఇంట్లో ముసలాయన బనీనుతో తలుపు తీసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, డిగ్రీలమ్మా! ముందు చెప్పకుండా వచ్చేస్తే ఎలాగమ్మా? ఒక్క ఐదు నిమిషాలు ఆగు, నేల తడిపేస్తాను."

"వద్దు బాబాయ్. మీరు పడుకున్నట్టే పడుకోండి. నేను కూర్చుంటాను."

ముసలాయన కుర్చీ తెచ్చి ఫ్యాను కింద వెయ్యబోతే, దాన్ని గది మధ్యకి జరుపుకుని కూర్చుంది. నలభై పాయింట్ రెండు.

రోజుకి ఆరు బదులు ఏడు గదులు చేసింది. అంతకన్నా ఎక్కువ ఒంటి వల్ల కాలేదు, రెండుసార్లు మధ్యలో ఆగి మెట్ల మీద కూర్చోవాల్సి వచ్చింది. పదిహేను రోజులకి నూట ఐదు గదులయ్యాయి. వాటిలో ముప్ఫై ఆరు దాటనివి నాలుగు. పదహారో రోజు జాబితా మూశారు. కొలవనివి నలభై ఒకటి మిగిలాయి.